కుట్టని బొంత

శుక్రవారం ఎనిమిదింటికల్లా
బస్సు దిగేస్తాం, నేనూ మస్తాన్‌బీ.
అల్ రాయి సంతలో టార్పాలిన్ల మీద
కువైటంతా విప్పి పడేసినట్టు బట్టలు.
గుట్టకో వెల. పావు దినారు, అర, ముప్పావు.
మొఫిజుల్ ఆ గుట్ట మీదికే ఎక్కి నిలబడి
నాలుగు భాషల్లో ఒకటే మాట అరుస్తుంటాడు.

ఎడారిలో చలేందని నవ్వుతారు మా కడప వైపు.
జనవరి తెల్లారుజామున మేడ మీద
తడి దుప్పట్లు ఆరేసిన చేతుల్ని అడగండి.

ఆరు రోజులూ నాకొకటే రంగు:
గులాబీ యూనిఫాం, తెల్ల కాలరు.
ఏడో రోజు ఆ రంగుని కొక్కేనికి తగిలించి
మంచం కింది పెట్టె లాగుతాను.

అందులో ఉన్నవి ఐదే.
ఎవరో పొడుగు మనిషి వదిలేసిన బూడిద రంగు వెయిస్టుకోటు,
దాని లోజేబులో పళ్ళ డాక్టరు చీటీ
(తేదీ చెరిగిపోయింది, నేను తీసేయలేదు).
బెల్టు పోయిన ఆకుపచ్చ గౌను.
మెడ దగ్గర బడిపిల్ల పేరు కుట్టిన గళ్ళ చొక్కా,
మస్తాన్‌బీ అక్షరాలు కూడబలుక్కుని చదివింది: షైఖా.
మోచేతులు పల్చబడ్డ స్వెట్టరు.
ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల చుడీదారు పాంటు.

గౌను మీద చొక్కా, గుండీలు పెట్టకుండా వదిలేస్తే
చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన టీచరమ్మనవుతాను.
చొక్కా లోపలికి పోయి గౌను పైకొస్తే
ఇంకా పెళ్ళికాని ఎవరో.
అన్నిటి పైనా వెయిస్టుకోటు తగిలిస్తే
బ్యాంకులో మేనేజరునైనా నిలదీయగలను.
దాన్నే తిరగేసి, మెరిసే లైనింగు బయటికి పెట్టి
విందుకు పోగలను, పిలిచేవాళ్ళుంటే.

మస్తాన్‌బీ లెక్క కట్టింది.
తన వేళ్ళు చాలక నావీ వాడుకుంది.
ఐదిటితో పదిహేడు మంది.
పద్దెనిమిదో మనిషి దగ్గర కొట్లాడుకున్నాం,
స్వెట్టరు నడుముకి కట్టుకుంటే
లెక్కలోకి వస్తుందా రాదా అని.

మా అవ్వ బొంతలు కుట్టేది.
ఏ పొర ఎవరి చీరో చీకట్లో తడిమి చెప్పేది:
ఇది మీ చిన్నత్త బాలింత చీర,
ఇది నేను కోర్టుకి పోయినప్పటిది.
నాది కుట్టని బొంత.
ఎంత తడిమినా ఎవరూ తెలీదు.
అయినా చలేసినప్పుడు
అందరూ కలిసి నన్నే పట్టుకుంటారు.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ముప్పావు చెప్పినదాన్ని పావుకి దింపి తెచ్చుకుంటే
దానికి సామెత ఎవరూ కట్టలేదు.

మొన్న గుట్ట అడుగుకి చెయ్యి పోనిస్తే
ఏదో తెలిసిన ఉన్ని తగిలింది.
లాగితే ఊదా కార్డిగన్.
మూడో గుండీకి పసుపు దారం.

ఆ దారం నాదే.
తెల్లారి బడికి కావాలని చిన్న పిల్ల ఏడిస్తే
రాత్రి పదకొండింటికి, వంటింటి లైటు కింద,
ఊదా దారం లేక కుట్టింది.
మెషీన్లో వేస్తే ముడుచుకుపోతుందని
రెండు చలికాలాలు చేత్తో ఉతికింది.

"పావు" అన్నాడు మొఫిజుల్.
నేను బేరమాడలేదు.
మస్తాన్‌బీ నా మొహంలోకి చూసి
తనూ ఏం అడగలేదు.

సాయంత్రం గేటు దగ్గర
కారు దిగుతూ ఆ పిల్ల ఆగింది.
ఆకుపచ్చ మీద ఊదా,
ఊదా మీద తిరగేసిన వెయిస్టుకోటు,
మెడ దగ్గర షైఖా గళ్ళు.
కింది నుంచి పైకి చూసింది.
"బాగుంది! ఎక్కడ కొన్నావ్?"

నోట్లో జవాబు కూడా పొరలు పొరలుగా ఉంది.
పైది ఒక్కటి తీసి ఇచ్చాను:
"సూక్‌లో."

శనివారం చలి ఇంకా పెరిగింది.
గులాబీ యూనిఫాం కింద
ఎవరికీ కనపడకుండా
ఊదా గుండీలన్నీ పెట్టుకున్నాను.
మూడోది ఓ పట్టాన పట్టదు.
దారం మరీ బిగించి కుట్టినట్టున్నాను అప్పుడు.