ఏడార్లు నలభై రెండు

కాల్ అంతా ఇంగ్లీషులోనే.
లెక్క మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది.
మూడో తరగతిలో సీతారావమ్మ టీచరు
బెత్తంతో బల్లమీద తాళం వేస్తూ నేర్పిన ఎక్కం
కాడుబీసనహళ్ళిలో, పదకొండో అంతస్తులో,
మ్యూట్‌లో పెట్టిన నోటితో చదువుకుంటాను.

మనుషులు ఏడుగురు.
రోజుకి తలా తొమ్మిది గంటలని
షీటులో ఎవరో రాసిపెట్టారు, నేను రాకముందే.
ఏడు తొమ్మిదులు అరవై మూడు.
కానీ మనిషి చేసేది ఆరే.
మిగతాది మీటింగులు, లిఫ్టు కోసం నిలబడటం,
"ఒక్క నిమిషం" అంటూ వచ్చి గంట కూర్చునేవాళ్ళు.
ఏడార్లు నలభై రెండు.
తేడా ఇరవై ఒకటి.
ఏడు మూళ్ళు.
అంటే ప్రతి రాత్రీ తలా మూడు గంటలు
వాళ్ళ మంచాల మీదనుంచి
నేనే లాక్కొస్తున్నానన్నమాట.

ఇంతియాజ్ బండికి క్లచ్ వైరు తెగి మూడు వారాలు.
ఆదివారం బాగుచేయిస్తానంటాడు,
ఆదివారం ఇక్కడే ఉంటాడు.
చెలువరాజు నిన్న ఒకే తప్పుని రెండుసార్లు దిద్దాడు,
రెండోసారికి అది మళ్ళీ తప్పయింది.
నవ్వాం.
కాసేపటికి ఎవరూ నవ్వలేదు.

తట్టుకోవడానికి నేనూ చాలా చేశాను.
రంగురంగుల చీటీలు అంటించాను.
తెల్లవారి ఐదుకి లేచి మెయిళ్ళ పని పట్టాను,
నేను లేచానని తెలిసి అవీ ఐదుకే రావడం మొదలెట్టాయి.
ఊపిరి గమనించమని చెప్పే యాప్ వేసుకున్నాను.
అదీ రోజూ గుర్తుచేస్తుంది,
నిన్నటి ఊపిరి బాకీ ఉందని.

కిటికీలోంచి చూస్తే రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు,
ఇంకా రైలు మొహం చూడనివి.
వాటిమీద వాలిన గద్దని ఎవరూ
ఎప్పటికవుతుందని అడగరు.
ఆ పని చూసే మేనేజరు ఎవరో,
రాత్రిళ్ళు నిద్రపడుతోందో లేదో.

గురువారం నాలుగింటికి అడిగారు,
పద్దెనిమిదికి అయిపోతుంది కదా అని.
"అయిపోతుంది" అనే మాట నాలుక చివర తయారుగా ఉంది,
పదమూడేళ్ళుగా దాని కాపురం అక్కడే.
ఏం పుట్టిందో, కాదన్నాను.
ఇరవై ఆరుకి అన్నాను.
ఆరు గంటల లెక్క విప్పి చెప్పాను.

అవతల నిశ్శబ్దం.
ఒకటి. రెండు.
ఎవరింట్లోనో కుక్క మొరిగింది.
మూడు. నాలుగు.
పైకప్పు కూలలేదు.
"మరి ఏం వదిలేస్తారు?" అన్నాడాయన.
ఎవరూ తెరవని రిపోర్టులు రెండు, అన్నాను.
ఎనిమిది రోజులు అడిగితే ఐదిచ్చాడు.
మిగతా మూడింటికీ మళ్ళీ ఎవరి నిద్రో తియ్యాలి,
అయినా మడివాళ మార్కెట్లో
బీరకాయల బేరం కన్నా నయమే.

వెలుతురుండగానే ఇంతియాజ్ మెకానిక్ దగ్గరికెళ్ళాడు.
నేను బాక్సు తెరిస్తే పెరుగన్నం పులిసిపోయింది.
నిలబడే తినేశాను.
కొత్త షీటు చూస్తూ లిజీ అంది,
"మేడమ్, ఇందులో మీ గంటలు లేవు."

చూశాను.
పేరుంది, పైన, బాధ్యుల గడిలో.
గంటలు లేవు.
ఆ ఇరవై ఒకటిలో సగం
ఇన్నాళ్ళూ ఎవరి ఖాతాలో పడిందో
గడి ఖాళీగా ఉండి చెప్పింది.

అడుగున ఎనిమిదో వరస చేర్చాను.
చిన్నప్పుడూ ఎనిమిదో ఎక్కం దగ్గరే నాకు తడబాటు,
సీతారావమ్మ టీచరు బెత్తం గాల్లో ఆగిపోయేది.

ఐదువందల డి బస్సులో కమ్మీ పట్టుకుని మొదలుపెట్టాను.
ఎనిమిదైదులు నలభై.
ఎనిమిదార్లు నలభై ఎనిమిది.
ఎనిమిదేడులు
"ఎల్లిగె?" అన్నాడు కండక్టరు
ఎనిమిదేడులు, ఎనిమిదేడులు
"యాభై ఆరు!" అన్నాను, గట్టిగా.

అలాంటి స్టాపు లేదన్నాడు.