తువాలు కొసన ముడి

విడవలూరు దాటి, ఉప్పువాసన మొదలయ్యే చోట
ఏడో నంబరు రొయ్యల గుంట గట్టు మీద
ఇనప పెట్టె మూత తీసి గొంతుక్కూచున్నాను,
నోట్లో టార్చి, ఒళ్ళో లాప్‌టాప్.
లోపల నడిచేది నేను రాసిన ప్రోగ్రామే.
మూడు రాత్రులుగా తెల్లవారుజామునే చచ్చి
మళ్ళీ తనంతట తనే లేస్తోంది.

లేవడానికి నాలుగు సెకన్లు.
ఆగిన ఏరేటర్ చక్రాలు ఒక్కొక్కటే అందుకోడానికి
ఇంకో ఆరు నిమిషాలు.
ఆ వేళకి నీళ్ళలో ఊపిరి అడుగంటి ఉంటుంది.
అరవై కౌంటు వెనామీ
గట్టు వారకి చేరి మీసాలు పైకెత్తుతాయి.

"ఏమైంది మేడం దానికి?"
మాలకొండయ్య టార్చి అందుకుని పట్టుకున్నాడు.
"ఎవరో పిలుస్తున్నారు దాన్ని.
సెకనుకి తొమ్మిది వేల సార్లు."
"ఎవురు?"

తీగ.
రాగి మీద పచ్చగా కిలుము.
తూర్పుగాలి తగిలినప్పుడల్లా తెగుతూ అంటుతూ
కరెంటు పోయింది వచ్చింది పోయింది వచ్చింది అని
తలుపు బాదుతోంది.
ప్రతి బాదుడికీ ప్రాసెసరు చేతిలో పని వదిలి పరిగెడుతుంది.
పరిగెట్టడం దాని ధర్మం.
కానీ గుమ్మంలోనే నిలబడి
టైము రాసి, లెక్క కట్టి,
నెల్లూరులో ఓనరు ఫోనుకి మెసేజీ పంపి
అప్పుడు గానీ వెనక్కి రాదు.
అలా రాసింది నేను.
ఈలోగా వాచ్‌డాగ్ ఎదురు చూసి చూసి
పలికే దిక్కు లేక
ఇల్లంతా ఆర్పేసి మళ్ళీ వెలిగిస్తుంది.

"రాత్రి కరెంటు పోతే నువ్వేం చేస్తావు?"

"సప్పుడాగితే మెలకువొస్తాది. జనరేటరు కొడతా.
తువాలు కొసన ముడేస్తా. పొణుకుంటా."

"ముడెందుకు?"

"పొద్దున అయ్యకి చెప్పాల గదా, ఎన్ని తూర్లు పొయ్యిందో.
ఆ రేత్తిరే ఫోన్ జేసి కతలు చెప్తా కూచుంటే
రొయ్యకి గాలెవురు పెడతారు?"

కొత్త సంగతేం కాదు.
పదేళ్ళ కిందటే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.
మెసేజీ తక్షణం రావాలని ఓనరు పట్టుబట్టాడు,
గురువారం డెమో ఉంది,
తెలిసీ గుమ్మంలోనే ఇరికించాను.
అతని తువాలుకి మూడు ముడులున్నాయి.
నేను వాటి వంక సరిగా చూడలేకపోయాను.

కిలుము గీకాను. తీగకి టంకం పెట్టాను.
వణుకుని మింగేందుకు చిన్న కెపాసిటరొకటి తగిలించాను.
గుమ్మం దగ్గర ఇప్పుడు మూడే మాటలు:
గుర్తు చెరుపు. ముడి వెయ్యి. వచ్చెయ్.
లెక్కలూ మెసేజీలూ వెనక గదిలో ఒక టాస్క్‌కి,
అది తీరిగ్గా లేచి ముడులు విప్పుకుంటుంది.

"దించు," అన్నాను. మెయిను లివరు దించాడు.
పదకొండు మైక్రోసెకన్లు.
అతని రెప్ప ఇంకా పడనే లేదు.
జనరేటరు దగ్గి అందుకుంది.
చక్రాలు ఒక్క క్షణం తడబడి
తెల్లటి నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.

అప్పుడు చూశాను, అతని చొక్కా జేబులో
శబ్దం లేకుండా వెలుగుతున్న ఫోను.
"ఇంట్లోది," అన్నాడు. "కాపలా పూట సౌండు తీసేస్తా."
సౌండు తీస్తే పిలుపు ఆగదు.
గుర్తు అక్కడే ఉంటుంది,
ఎవరో ఒకరు చెరిపేదాకా.
పద్నాలుగు మిస్డ్ కాల్స్.

తెల్లారింది. కొంగలు దిగాయి.
తువాలు భుజాన వేసుకుని ఫోను బయటికి తీశాడు.
"ముందెవరికి, అయ్యకా?"
"అయ్యవి ముడులు గదా మేడం, యాడికి పోతాయి?
ఈమె అట్ట కాదు."

ఆ చివర నించి ఈ చివరకి,
ఎనిమిది ఏరేటర్ల హోరు మీదుగా
మస్తానమ్మ గొంతు నాకే వినిపించింది.
గోధుమపిండి ఆడించే మర గురించి అనుకుంటా.
అతను మధ్యలో ఒక్క మాటా అనకుండా
ఒంటికాలి మీద నిలబడి
మొత్తం విన్నాడు.