గురువారం కాళ్ళు

గ్లాస్గోలో వాన ఎప్పుడూ సగంలోనే ఉంటుంది,
మొదలవడం ఎవరూ చూడరు.
చర్చి పైకప్పు మూడు చోట్ల కారుతుంది.
ఆదివారం పదకొండు మంది,
పాటకి గొంతులు చాలవు.

గురువారం మాత్రం
పక్క హాల్లో నలభై జతల కాళ్ళు.
ముందు కాళ్ళకి నీళ్ళు, ఆ తర్వాతే టీ.

మొరాగ్ రిటైరైన నర్సు.
ప్లాస్టిక్ టబ్బు, గుప్పెడు ఉప్పు,
చిన్న కత్తెర, పెద్ద కత్తెర,
ఎవరో అల్లి పంపిన జత కుదరని మేజోళ్ళు.
"వేడెక్కువైతే చెప్పు" అంటుంది.
దేవుడి గురించి అడగదు.

తెస్ఫాయ్ ఎరిత్రియా నుంచి వచ్చాడు.
ఈ పగులు సూడాన్, ఇది లిబియా,
ఈ మొద్దుబారిన చోటు ఇటలీ అని
మడమని మ్యాపులా చదువుతాడు.
ఎదురింటి ఆగ్నెస్‌కి నడుం వంగదు,
ఏడాదిగా తన వేళ్ళని తనే చూసుకోలేదు.
"ఇవి నావేనా!" అని నవ్వుతుంది.

ఫింటన్ బూట్లు విప్పడు.
ఓడలకి వెల్డింగ్ చేసిన మనిషి.
ఆరు వారాలు టీ తాగి
బిస్కట్టు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.
ఏడో వారం లేసు ముడి దగ్గర చెయ్యి ఆగింది.
"వాసనొస్తుంది."
"నా ముక్కు కూడా రిటైరైంది" అంది మొరాగ్.

తర్వాత మాటల్లేవు.
నీళ్ళు నల్లబడ్డాయి. మార్చింది.
మళ్ళీ నల్లబడ్డాయి.
వానచుక్క ఒకటి
పైకప్పు నుంచి తిన్నగా టబ్బులో పడింది.

"ఆ రేకు సంగతి నేను చూస్తాలే" అన్నాడు ఫింటన్,
తలెత్తి చూస్తూ,
తడికాలు ఆమె ఒళ్ళోనే ఉంచి.