మేలవై, కీళవై

పుస్తకం తమిళంలో ఉంది.
అమ్మకి తెలుగులో చెప్పాలి.
మేలవై అంటే ఎగువ సభ,
కీళవై అంటే దిగువ సభ అన్నాను.
అమ్మ కొబ్బరీనెలు మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి
రేపటి చీపురు బిగిస్తోంది.
"మన బ్లాకు మాదిరా?" అంది.

పుళియాంతోపులో మెట్ల కింది గది మాది.
బేసిన్ బ్రిడ్జి మీద రైలు పోయినప్పుడల్లా
బల్బు ఒకసారి కన్ను మూసి తెరుస్తుంది.
ఆదివారం పరీక్ష.
పైకి చెబితే గానీ నాకు చదివింది నిలవదు,
ఎవరో ఒకరు మాట్లాడుతుంటే గానీ
అమ్మకి చెయ్యి ఆడదు.

దిగువ సభలో ఐదువందల నలభై మూడు మంది, అమ్మా.
మనం వేలికి సిరా పూయించుకునేది వాళ్ల కోసమే.
ఐదేళ్లు. మధ్యలోనే రద్దు చేసినా చెయ్యొచ్చు.
ఎగువ సభ అట్టా కాదు, దానికి రద్దు లేదు.
రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు,
ఆ చోట్లోకి కొత్తవాళ్లొస్తారు.

"కుళాయి కాడ బిందెలు" అంది అమ్మ.
"నాలుగు పోతాయి, నాలుగొస్తాయి.
వరస మాత్రం లేవదు."
నోట్సు అంచున రాసుకున్నాను.
గైడులో దీనికి పేజీన్నర ఉంది.

"పైవాళ్లకి ఓటెవరేస్తారు?"
మనం గెలిపించిన ఎమ్మెల్యేలు.
"ఓహో. మేస్త్రీ పెట్టిన మేస్త్రీ."

డబ్బు బిల్లు దగ్గర నేనెప్పుడూ తడబడతాను.
అది దిగువ సభలోనే పుట్టాలి.
పైవాళ్లు కాదనలేరు.
పద్నాలుగు రోజులు దగ్గర పెట్టుకోవచ్చు,
సలహా చెప్పొచ్చు,
వింటే విన్నట్టు, లేకుంటే లేదు.
అమ్మ నవ్వింది.
"మన కాంట్రాక్టరుకి గూడా
పద్నాలుగు రోజులని ఎవరన్నా గీత గీసుంటే!"
రెండు నెలల జీతం రావాలి ఆమెకి.

మామూలు బిల్లు మీద ఇద్దరికీ పడకపోతే
రెండు సభల్నీ ఒకే హాల్లో కూర్చోబెడతారు.
తలలు లెక్కపెడతారు.
కిందవాళ్లే రెట్టింపు పైన,
అందుకని చాలావరకు వాళ్ల మాటే...
"కిందోళ్లు ఎక్కువుంటే కిందోళ్లదే గెలుపా?"
చేతిలో ఈనె ఆగింది.
"నలభై ఏడేళ్లొచ్చాయి, నేనెప్పుడూ చూళ్లా."

ఇద్దరూ ఒక్కటైనా చెయ్యకూడనివి ఉన్నాయమ్మా.
రాజ్యాంగం పునాది కదిపితే కోర్టు కొట్టేస్తుంది.
అన్నీ అయ్యాక రాష్ట్రపతి సంతకం.
ఆయన ఒకసారి తిప్పి పంపొచ్చు.
రెండోసారి మళ్లీ అదే పంపితే
పెట్టాల్సిందే.

చాలాసేపు ఏమీ అనలేదు.
"మీ మామ గూడా అంతే" అంది చివరికి.
"ఒకసారి రానన్నాడు.
రెండోసారి పిలిస్తే దిగాడు."

తర్వాతి పేజీలో ఒక పట్టిక ఉంది.
రెండు సభలూ దాటిన చట్టాలు, పక్కన ఏళ్లు.
మనిషిని మురుగు గుంతలోకి దించకూడదన్నది
రెండువేల పదమూడు.
అప్పుడు నేను ఆరో తరగతి.
మాలకొండయ్య మామని ఓట్టేరిలో
తాడు కట్టి పైకి లాగినప్పుడు తొమ్మిది.
ఆ పేజీ నిన్నా దాటేశాను,
మొన్నా దాటేశాను.

అమ్మకి చదవడం రాదు.
నేను ఎక్కడ ఆగానో మాత్రం తెలుస్తుంది.

"ఎగువ అన్నావు, దిగువ అన్నావు.
దిగువకి దిగువ ఏముందని రాశారు?"
వెనక సూచిక దాకా తిప్పాను.
ఇద్దరం కాసేపు ఆ కాగితాల చప్పుడే విన్నాం.
వీధి మలుపులో నీళ్ల లారీ మూత మీదుగా పోయింది,
ఠంగుమని.

చీపురు గోడకి నిలబెట్టి
"సరే, అది పరీక్షలో అడగరులే" అంది అమ్మ.
"ఆ పద్నాలుగు రోజులది ఇంకోసారి చెప్పు.
తడబడకుండా."