పన్నెండు అక్షరాల కూలి

పవోతెరె రేవులో
పడవల వీపు మీద ఊరి పేరు రాసేవాణ్ణి నేను.
ఆటు దిగాక, నడుంలోతు బురదనీళ్లలో నిలబడి,
రంగు డబ్బా మెడకు వేలాడేసుకుని.

మకస్సర్.
ఓడల లిపిలో ఎనిమిది అక్షరాలు.
అక్షరానికింత అని కూలి.

డెబ్బై ఒకటిలో ఎక్కడో ఎవరో
కాగితం మీద సంతకం పెట్టారు.
తెల్లారేసరికి మేం ఉజుంగ్ పాండాంగ్ వాళ్లం.
మొగలిపొదల కొస అని దానర్థం.
మొగలి ఏదిరా, అంతా చేపల పొలుసే కదా అని
గంపలవాళ్లు నవ్వారు.
నేను నవ్వలేదు.
పన్నెండు అక్షరాలు!
ఆ ఏడే ఇంటికి రేకులు వేయించాను.

చిన్న పడవలకి పేరు పట్టేది కాదు.
నిద్రపోయే బిడ్డ కాలు మడిచినట్టు
చివరి అక్షరాన్ని చుక్కాని పక్కకి
మెల్లగా సర్దేవాణ్ణి.

ఇరవై ఎనిమిదేళ్లు.
నా కూతురు పుట్టింది ఆ పేరులోనే.
తమ్ముడు పోయిందీ ఆ పేరులోనే.
పులుసు కొట్టు బాసో ఒక్కడే
పాత బోర్డు దించలేదు,
రంగుకి డబ్బుల్లేవనేవాడు.

తొంభై తొమ్మిదిలో ఇంకో కాగితం.
పాత పేరే కొత్త పేరయింది.
రేవంతా టపాసులు.
నేను వేళ్ల మీద లెక్క చూసుకున్నాను:
పడవకి నాలుగక్షరాల నష్టం.

గీకుతుంటే పెచ్చులు లేచేవి.
తెలుపు కింద నీలం,
నీలం కింద మళ్లీ తెలుపు,
దాని అడుగున
చెయ్యి వణకని రోజుల నా రాత.

అప్పుడొచ్చింది సిత్తి హపీపా.
ముందటేడు లవంగాలకని
తెర్నాతె వెళ్లిన ఆమె మొగుడి పడవ
రాలేదు. చెక్కముక్కయినా రాలేదు.

"దాని వీపున రాసింది నువ్వేగా?"
"నేనే. పన్నెండూ."
"మరి వాళ్లు తిరిగొచ్చేది ఆ ఊరికే కదా.
దాన్ని చెరిపేస్తున్నావే?"

బ్రష్షు కడుక్కున్నాను.
కడిగిందే కడుక్కున్నాను.

పనసచెక్క బల్ల తెచ్చింది తను.
సరోంగు మడతలోంచి డబ్బు తీసింది.
వద్దంటే వినదు:
"అప్పుకి రాసిన పేరు
సముద్రం చదవదు."

ఆ బల్ల ఇప్పటికీ ఆమె వంటింటి వెనకాల
నీళ్లకేసి తిరిగి ఉంది.
ఏటా ఉప్పు తినేస్తుంది.
ఏటా వెళ్తాను.

ఈసారి చూపు ఆనక
చివరి అక్షరం పక్కకి ఒరిగింది.
హపీపా దాన్ని చాలాసేపు చూసి,
పదకొండు అక్షరాల కూలి
లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.