ఐదు ఆదివారాల కాంక్రీటు

మెల్బోర్న్‌కి పడమర, సన్‌షైన్ నార్త్‌లో
పేరుకి తగ్గ ఎండ ఆ రోజు లేదు.
కార్మెనా గారి పెరడు, డెబ్భై చదరపు మీటర్లు.
మందం నాలుగంగుళాలని కొటేషన్‌లో రాసింది నేనే.
అంచు పగలగొట్టి చూస్తే ఆరు.
"మా సాల్వు ఏదైనా రెండు పిడికిళ్ళు ఎక్కువే వేస్తాడు,
కూరలో ఉప్పుతో సహా" అందావిడ.
ఆ రెండంగుళాలూ నా ఖాతాలో పడ్డాయి.

ఐదు ఆదివారాలు ఒక్కడే పోశాడట,
మిక్సరు అద్దెది, మిగతా వారమంతా ఫ్యాక్టరీ.
ఐదు పలకలకీ ఐదు రంగులు:
ఇసుక తేడా, నీళ్ళ తేడా, ఆ వారం ఓపిక తేడా.
ఐదోదాని మీద మశూచి మచ్చల్లా గుంటలు.
తాపీ ఇంకా చేతిలో ఉండగానే దిగింది వాన.
డెబ్భై ఒకటిలో కురిసిన అరగంట
తడి లేకుండా అక్కడే ఉంది.

ఈ ముక్క దాచమంటారా అని అడిగాను.
ఈ పనిలో అడగడం అలవాటైంది,
కుక్క పాదముద్రని కోయించుకుని
ఒళ్ళో పెట్టుకుపోయినవాళ్ళున్నారు.
ఆవిడ చీపురుతో పొడిచినంత పని చేసింది.
"యాభై ఏళ్ళు ఊడ్చాను దీన్ని.
టమాటాలకి జానెడు మట్టి వదలమంటే
బురద బురద అంటూ ఇంత రాయి పరిచాడు.
మొదటి దెబ్బ నాది."

సమ్మెట పన్నెండు పౌన్లు, ఆవిడకి ఎనభై మూడు.
మోకాలి దాకా లేచింది, పడింది.
పలక మీద తెల్లటి చుక్క, బొట్టుబిళ్ళంత.
"గట్టిగానే కట్టాడు వెధవ" అని
సమ్మెట నా చేతికిచ్చి కుర్చీ లాక్కుంది.

నీళ్ళు వదిలి రంపం దింపాను.
మొదట్లో అరవదది, గొంతు సవరించుకుంటుంది.
ఇనుము తగిలినప్పుడే శ్రుతి మారుతుంది.
ఆ రోజు మూడో పలక దగ్గర
అది మారిన తీరు నాకు నచ్చలేదు.

మర కొక్కెం బిగిసిపోయింది. సియోసైయా చెయ్యెత్తాడు.
సలాకలుండాల్సిన చోట స్ప్రింగులు,
ఒక సైకిలు చక్రం, బాయిలరు మూత,
ఆ తర్వాత పూలు.
పోతపోసిన ఇనప పూలు, మంచం తలవైపువి.

కుర్చీ వెనక్కి పడింది.
అమ్మ ఇచ్చిన మంచమట,
గోజో దీవి నించి ఓడలో నెల పైన వచ్చింది.
పాత సామాన్లవాడికి అమ్మేశానని
నాలుగు డాలర్లు తెచ్చి చేతిలో పెట్టాడట.
"చెప్పులు కొన్నాను వాటితో. ఎర్రవి."

ఇంజను ఆపేశాం.
ఎవరూ కొనని మంచానికి ఆ నాలుగూ
ఏ జేబులోంచి వచ్చాయో
ముగ్గురికీ ఒకేసారి లెక్క తేలింది.
"ఇనుము కొనలేకపోయానని చెప్తే చచ్చిపోతాడా?"
అంది. కాసేపాగి,
"చచ్చిపోయాడులే" అని తనే అంది.

సాయంత్రానికి మూడు లారీలు. కాంటా చీటీలో ఇరవై ఐదు టన్నులు.
పిండి చేసి ఏదో కొత్త రోడ్డు కింద పరుపుగా వేస్తారు.
వాన పలక ఎప్పుడు లారీ ఎక్కిందో నేను చూడలేదు.
ఇనుము వేరే కుప్ప. అందులోంచి ఒక్క పువ్వు ఏరుకుంది కార్మెనా.
రేకుల మధ్య సిమెంటు వదిలించమంటే
చిన్న సుత్తితో మెల్లగా తట్టాను.
కొంత రాలింది, కొంత పువ్వునే పట్టుకుంది.
"ఉండనీ" అంది.

అడుగున రేగడి. పత్తి వేసుకోవచ్చనిపించేంత నలుపు,
రంపం నీళ్ళకి ఉబ్బి మెరుస్తోంది.
ఆగండి అనేలోపే అందులోకి నడిచింది,
నాలుగడుగులు వేసి పాదం దాకా దిగబడింది.
సియోసైయా చెయ్యందించాడు.
"బురదే" అందావిడ, ఎవరితోనో వాదనలో ఓడిపోతున్నట్టు,
"నిజంగానే బురద."
కాలు పైకొచ్చింది.
చెప్పు రాలేదు.