పోటు వచ్చేదాకా

కయాక్‌కి రెండు నోళ్ళు.
ముందుది నా మోచేతిదాకా మింగుతుంది,
వెనకది భుజందాకా.
ఏ వస్తువైనా ఈ నోట పట్టాలి,
పట్టకపోతే అది మనది కాదు.
నోల్బెర్తో పెట్టిన రూలు ఇది.
సాల్మన్ పంజరాల కింద పదకొండేళ్ళు
మునిగి తేలినవాడు మా తమ్ముడు,
మాట్లాడినా ఊపిరి లెక్క చూసుకునే మాట్లాడతాడు.

కిందటి నెల కంపెనీ పంజరాలు ఎత్తేసింది.
"ఈ దీవుల్ని కిందనుంచే చూశానే ఎదువీహిస్,
ఒకసారి పైనుంచి చూడాలి" అన్నాడు.
అంతే. ఐదు రోజులు. నేనూ వస్తానన్నాను.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
ఇల్లు మడిచి చూస్తే తెలుస్తుంది!
గుడారం గుడ్డ ఒక సంచి,
బద్దలు పడవ ముక్కులోకి,
మేకులు పాత సాక్సులో చుట్టి.
నిద్రసంచిని మోకాలితో తొక్కి గాలి తీస్తుంటే
నా చీకటంతా ముందే బయటికి పోతున్నట్టుంది.

మంచినీళ్ళు ఇరవై లీటర్లు.
సీటు వెనకే పెట్టాలి,
చంటిపిల్లని నడుముకి ఆనించి మోసినట్టు.
ఇంత నీళ్ళ మీదికి పోతూ
నీళ్ళు మోసుకుపోతున్నాం.

తర్వాత తిండి.
పద్నాలుగు బంగాళాదుంప రొట్టెలు,
పొగబెట్టిన ఆలిచిప్పల మాంసం ఒక దండ,
మాతే ఆకు, ఉప్పు, ఎండుమిరప.
గిన్నెలో మగ్గు, మగ్గులో గుడ్డు,
గుడ్డు చుట్టూ మేజోడు.
ఉల్లిపాయలు బూట్లలో.
బడి వంటశాలలో రెండు వందల మందికి వండే చేతులు నావి,
ఇద్దరికి సర్దడమెలాగో వాటికి తెలియదు.

కెటిల్ మాత్రం పట్టలేదు.
నల్లటి ఇనప కెటిల్, వంకర ముక్కుది.
అటు తిప్పాను, ఇటు తిప్పాను, తల్లకిందులు చేశాను.
డెక్ మీద కడతానంటే
"పైన ఏం కనబడ్డా అల చెయ్యేస్తుంది" అన్నాడు.
కోపమొచ్చింది. రెండు ఉల్లిపాయలు తీసి
వాడి బూట్లోంచి నా బూట్లోకి మార్చాను, ఎందుకో.

మూతలు బిగించాం.
అరచేత్తో కొడితే బోలుగా మోగే పడవ
ఇప్పుడు పుచ్చకాయలా పలికింది.
ఒకటి, రెండు, మూడు...
లేవలేదు.
మళ్ళీ.
ముక్కు జానెడు లేచి, నా కాలి మీద కూర్చుంది.

అప్పుడు తలెత్తి చూశాం సముద్రాన్ని.
మేం సర్దుతున్నంతసేపూ
అది చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి
ఎక్కడో వెండి గీతై ఆగింది.
మధ్యలో అంతా బురద, నాచు, రాళ్ళు,
వంగి గుల్లలు తవ్వుతున్న దోన్యా లుదోవినా.

నడుం పట్టుకుని మరీ నవ్విందావిడ.
"ఖాళీ పడవైతే నీళ్ళ దగ్గరికి పోతుంది.
నిండిన పడవ దగ్గరికి నీళ్ళే రావాలి.
చిలోయెలో పుట్టి ఇది తెలియదా?"

ఐదు గంటలు.
విప్పి మళ్ళీ సర్దే ఓపిక ఇద్దరికీ లేదు.
నేనే పోయి ఎండు కట్టెలేరుకొచ్చాను.
పట్టని కెటిల్ పొయ్యెక్కింది.

ముగ్గురం ఒకే గొట్టంతో మాతే తాగాం, వంతులవారీగా.
లుదోవినా గుల్లలు కాల్చింది.
పంజరాల కింద చీకటి ఎలా ఉంటుందో చెప్పాడు తమ్ముడు,
పదకొండేళ్ళలో మొదటిసారి,
ఊపిరి లెక్క చూసుకోకుండా.
నేను మంటనే చూస్తూ విన్నాను.

నీళ్ళు మొదట రాళ్ళ సందుల్లో మెరిశాయి.
ఆపైన తడిసిన బొగ్గు చుయ్‌మంది.
కెటిల్ లుదోవినా చేతికిచ్చాను,
"బాగా తోమకు, రుచి పోతుంది" అని చెప్పి.

ఇద్దరం చెరో పక్క నిలబడ్డాం,
మోకాళ్ళదాకా చలి.
పడవ అడుగున ఏదో గులకరాయి గీరింది,
ఇంకోసారి గీరింది,
తర్వాత గీరలేదు.